నేను పాస్ చేసిన మిలిటరీ బాపు

ఆ కబురు అందినప్పుడు నేను తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. బోర్డు మీద త్రిభుజం సగం గీసి ఉంది. పాఠం మధ్యలో ఫోన్ తీసే అలవాటు నాకు లేదు, తీసే టీచర్లంటే ఒళ్లు మంట కూడా. కానీ శంషాబాద్‌లో ఐదేళ్లు నేను కిరాయికున్న ఇంటి నంబరు కనబడేసరికి వరండాలోకి వచ్చాను. ఇంటి ఓనరమ్మ గొంతు. "టీచరమ్మా, మీ బాపు పోయిండు. పొద్దుగాల చాయ్ తాగిండు, గిలాస కింద పెట్టిండు, గట్లనే పక్కకు ఒరిగిండు. దవాఖానకు తీస్కపోయేదాంక గూడ ఆగలే," అంది. ఏడవడం లేదు. ఏడుపు అయిపోయాక మిగిలే గొంతు అది. "ఎవ్వలెవ్వలకు చెప్పాల్నో సమజైతలేదు. ముందుగాల నీకే చేసిన," అంది.

ముందు నాకే చేసిందన్న మాట, ఇప్పుడు నేను పనిచేసే మంఖాల్ నుంచి శంషాబాద్ దాకా ఆటోలో నన్ను పొడుస్తూనే ఉంది. ఆయన గుండె ఆగి పోయారు. దానికి నేను కారణమని ఏ డాక్టరూ అనడు, నేనూ అనను. కానీ బతికున్న చివరి రెండేళ్లూ ఆయనకు అందాల్సిన ఒక సాయం అందకుండా చేసింది మాత్రం నేనే. మంచి చేస్తున్నాననుకుని చేశాను. ఆ సంగతి ఆయన ముందు ఒప్పుకోవాలని రెండేళ్లు అనుకుంటూనే ఉన్నాను. ఇక ఆ వీలు లేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

బాపు అంటే నా కన్నతండ్రి కాదు. మా వైపు తండ్రినీ, తండ్రి వయసు మనిషినీ కూడా బాపు అనే పిలుస్తాం. వీధిలో అందరూ ఆయన్ని మిలిటరాయన అనేవారు. నేను మిలిటరీ బాపు అనేదాన్ని. ఎయిర్‌పోర్టు మొదలైన ఏడాది, శంషాబాద్ హైస్కూలుకు లెక్కల టీచరుగా వచ్చి ఇల్లు వెతుక్కుంటుంటే ఆయన మేడ మీద పోర్షన్ దొరికింది. ఆ రోజుల్లో అక్కడ ఓనర్లు అడగని ప్రశ్న లేదు. పెళ్లయిందా, ఎందుకు కాలేదు, ఊరి నుంచి చుట్టాలెందరొస్తారు, నీళ్లు ఎన్ని బిందెలు వాడతావు. బాపు ఒక్కటే అడిగారు. "బిందె ఏడ పెడతవ్ బిడ్డా?" నేను వంటింటి మూల చూపించాను. ఆయన కిందికి వెళ్లి గోనెసంచి నాలుగు మడతలు వేసి తెచ్చి ఆ మూల పరిచారు. గచ్చు పాడవుతుందని భయం కాబోలు, పిసినారి మనిషి అనుకున్నాను.

మర్నాడు ఆయన భార్య, నేను అమ్మ అని పిలిచే ఆవిడ, పైకి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, కుక్కర్ ఉందా అని అడిగింది. ఉందన్నాను. "ఆయన ఇంట్ల లేనప్పుడు పెట్టుకో టీచరమ్మా. ఉన్నప్పుడు జర గిన్నెల వండుకో," అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. కిరాయి ఇచ్చేది నేను, కుక్కర్ నాది, విజిల్ ఎప్పుడు వేయాలో వీళ్లు చెబుతారా? పైకి సరే అన్నాను గానీ నెల రోజులు లోపల సణుక్కుంటూనే ఉన్నాను. వాళ్లింట్లో స్టూళ్ల కాళ్లకు సైకిల్ ట్యూబు ముక్కలు కట్టి ఉండేవి. తలుపుల అంచులకు గుడ్డ పేలికలు అంటించి ఉండేవి. ఆ ఇంట్లో ఏ వస్తువూ చప్పుడు చేస్తూ కింద పడేది కాదు. నేను అది కూడా పిసినారితనం లెక్కలోనే వేశాను.

ఒక ఆదివారం నా చేతిలోంచి స్టీలు పళ్లెం జారి మెట్ల మీద పడింది. ఒక్కో మెట్టుకూ ఒక్కో మోత మోగించుకుంటూ కింది దాకా దొర్లింది. వెనకే పరుగెత్తుకుంటూ దిగాను. బాపు బట్టలుతికే బండ వెనక నేల మీద బోర్లా పడుకుని ఉన్నారు. రెండు చేతులూ తల మీద ఉన్నాయి. అమ్మ ఆయన పక్కన చతికిలబడి ఉంది. ముట్టుకోవడం లేదు. మెల్లగా, పిల్లలకు ఎక్కాలు చెప్పినట్టు, అవే మాటలు చెబుతోంది. "శంషాబాద్ల ఉన్నం. మనింట్ల ఉన్నం. ఇయ్యాల ఐతారం. టీచరమ్మ పళ్లెం పడ్డది. గంతే." మళ్లీ మొదటి నుంచి. ఎన్నిసార్లు చెప్పిందో తెలియదు. చాలాసేపటికి ఆయన లేచారు. మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ నన్ను చూసి, తల దించుకుని, "చొట్ట పడ్డదా బిడ్డా?" అని పళ్లెం గురించి అడిగారు.

ఆ మధ్యాహ్నం అమ్మ చెప్పింది. ఆయన ఆర్మీలో డ్రైవరు. కొండల్లో బండ్లు వరసగా పోతుంటే ముందున్న బండి పేలింది. వెనక బండి ఈయనది. "ముందటి బండ్ల ఉన్నోళ్లు ఈయన దోస్తులంట. ఇన్నేండ్ల సంసారంల గింతే చెప్పిండు. తతిమ్మది నేను అడగలే," అంది. నేను కుక్కర్‌ను పాత పేపర్లో చుట్టి అటక మీద పెట్టేశాను. ఆ ఇల్లు వదిలేదాకా దించలేదు.

ఆ తర్వాత ఆయన్ని చూసే తీరు మారింది. పెళ్లికి పోతే గోడకు ఆనుకునే కుర్చీ వెతుక్కునేవారు. బారాత్‌లో పటాకులు తీస్తున్నారనగానే అక్షింతలు కూడా వేయకుండా వచ్చేసేవారు. ఆటోలో డ్రైవరు పక్కన చచ్చినా కూర్చునేవారు కాదు. వీధిలో వాళ్లు మిలిటరాయనకు టెక్కు ఎక్కువని చెప్పుకునేవారు. ఒకసారి నేను వాళ్లతో తగువేసుకోబోతే ఆయనే ఆపారు. "అననియ్యి బిడ్డా. టెక్కనుకుంటే మంచిదే గద. పిచ్చి అనుకుంటలేరు," అన్నారు.

నాకు అర్థం కాని సంగతి ఒకటుండేది. రోజంతా మా నెత్తి మీదుగా విమానాలు దిగుతుంటాయి, కిటికీ రెక్కలు అదురుతుంటాయి, వాటికి ఈయన చలించరు. గరిటె పడితే మాత్రం ప్రాణం పోతుంది. ఇదేం తిరకాసని అడిగేశాను, నాకు నోరు ఆగదు. ఆయన నవ్వారు. "విమానం దూరం నుంచి చెప్పుకుంట వస్తది టీచరమ్మా. గరిటె చెప్పి పడదు," అన్నారు.

రెండు వేల పన్నెండులో ఒక సాయంత్రం బాపు మొదటిసారి మా పోర్షన్ మెట్లెక్కి వచ్చారు. చెప్పులు కింది మెట్టు దగ్గరే వరసగా విడిచారు. చేతిలో రెండొందల పేజీల నోటుబుక్కు, చొక్కా జేబులో కొత్త పెన్ను. "నాకు ట్యూషన్ చెప్పాలె," అన్నారు. ఆయన పాత ఆఫీసరు ఫోన్ చేశారట. యుద్ధాలూ పేలుళ్లూ చూసి వచ్చి, ఇంట్లో నెమ్మది లేకుండా బతుకుతున్న మాజీ సైనికుల కోసం కొందరు డాక్టర్లు ఫోన్లో పాఠాలు చెబుతున్నారట. ఎక్కడికీ పోనక్కర్లేదు. ఆదివారం పదింటికి ఫోన్ వస్తుంది, ఎనిమిది వారాలు. పాఠం చెప్పేది హిందీలో, అది ఆయనకు నీళ్లు తాగినంత సులువు. కానీ పాఠాల కాగితాలు మెయిల్లో ఇంగ్లీషులో వస్తాయి. ఇంట్లో కంప్యూటర్ ఉన్నది నాకే. అలా నేను ఆ పనిలోకి వచ్చాను.

క్లాసు మా ముందు గదిలోనే. ఫోన్ స్పీకర్ పెట్టి స్టూలు మీద ఉంచేవారు. ఆయన గోడకు వీపు ఆనించి, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. నేను వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ వినేదాన్ని. లైనులో ఆరుగురు మగవాళ్లు, ఒక్కొక్కరిదీ ఒక్కో రాష్ట్రం. డాక్టరమ్మ గొంతు ఎప్పుడూ పెరిగేది కాదు. ముందు అందరినీ ఎక్కడ కూర్చున్నారో చెప్పమనేది, పాదాలకు ఏం తగులుతోందో చెప్పమనేది. తర్వాత ఊపిరి మీద ధ్యాస. తర్వాత పావుగంట పాఠం. ఒంట్లో ఎందుకిలా అవుతుందో, గుండె ఎందుకు దడదడలాడుతుందో, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని. పాఠం విన్నప్పుడు ఆయన గబగబా నోటుబుక్కులో రాసుకునేవారు, స్కూలు పిల్లలకన్నా శ్రద్ధగా. మొదటి క్లాసులో అమ్మ చెప్పే మాటలు గుర్తొచ్చి చిక్కుడుకాయలు ఒలవడం ఆపేశాను. శంషాబాద్‌లో ఉన్నాం, మన ఇంట్లో ఉన్నాం, ఆదివారం. ఏ డాక్టరూ నేర్పకుండా ఆమె ఆ పాఠం సొంతంగా కనిపెట్టుకుంది.

మెయిల్లో వచ్చిన పాఠాలను నేను తెలుగు చేసి ఆయన నోటుబుక్కులో రాసేదాన్ని. మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే భాగం గురించి రాస్తూ దాన్ని కాపలాదారు అన్నాను. ఆయన చదివి, పెన్నుతో కొట్టేశారు. "కాపలాదారు గాదు, సంత్రీ అని రాయి. సంత్రీ తప్పు జేయలే టీచరమ్మా. డ్యూటీ దిగుమని వానికి ఎవ్వరూ చెప్పలే, గంతే," అన్నారు. ఇంగ్లీషులో మూడు పేజీల పాఠం అది. అంత బాగా నేను చెప్పలేను. మరో వారం నేను కూడా పక్కన కూర్చుని ఊపిరి లెక్కబెట్టి, మధ్యలో నా మనసు సోమవారం పరీక్ష పేపర్ల మీదికి పోయిందని చిరాకు పడితే, "ఊపిరికి ర్యాంకులుండవు బిడ్డా, మళ్ల మొదలువెట్టు," అన్నారు.

నాలుగో వారం హోంవర్కు నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. ఒక చిన్న చప్పుడు ఎంచుకోవాలి. ఇంట్లో వాళ్లు ముందుగా చెప్పి ఆ చప్పుడు చేయాలి. ఈయన కూర్చుని, విని, దాన్ని పోనివ్వాలి. గిన్నె మూత ఎంచుకున్నారు. అమ్మ చేతికి మూత ఇచ్చాం. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది గానీ మూత వదలడం ఆమె వల్ల కాలేదు. మళ్లీ లెక్కపెట్టింది. మళ్లీ అంతే. చివరికి మూతను ఒళ్లో పెట్టుకుని కూలబడింది. "ఇన్నేండ్ల సంది మూత కింద పడొద్దని పానం అరచేతుల పెట్టుకొని బతికిన. ఇప్పుడు నన్నే పడెయ్యమంటవా?" అంది. బాపు పకపకా నవ్వారు. ఆయన అంత పెద్దగా నవ్వడం నేను అంతకుముందు వినలేదు. "ఎయ్యవే, నేనే అంటున్న గద," అన్నారు. అమ్మ కళ్లు గట్టిగా మూసుకుని వదిలేసింది. ఆయన భుజాలు బిగుసుకున్నాయి, నుదుటి మీద చెమట పట్టింది. కానీ చాప మీది నుంచి కదల్లేదు. కొంతసేపటికి కళ్లు తెరిచి, "వచ్చింది, విన్న, పోయింది. మళ్ల ఎయ్యి," అన్నారు. ఆ వేళ మూత ఐదుసార్లు పడింది. పక్కింటి నుంచి ఎవరైనా వింటే మొగుడూ పెళ్లాలు కొట్టుకుంటున్నారనుకునేవాళ్లు.

ఇప్పుడు నేను చేసిన పని.

ప్రతి ఆదివారం క్లాసుకు ముందు ఒక ఫారం నింపి మెయిల్ చేయాలి. పదిహేను ప్రశ్నలు. ఈ వారం నిద్ర ఎలా పట్టింది, చప్పుళ్లకు ఎంత ఉలిక్కిపడ్డారు, నలుగురి మధ్యా కూర్చోగలిగారా, జరిగిపోయింది మళ్లీ కళ్ల ముందుకు వచ్చిందా, ఇలాంటివి. ప్రతిదానికీ సున్నా నుంచి నాలుగు దాకా ఒక అంకె చెప్పాలి. సున్నా అంటే ఆ బాధ లేదని, నాలుగంటే చాలా ఉందని. నేను ప్రశ్న చదివితే ఆయన కాసేపు ఆలోచించి అంకె చెప్పేవారు. మూడు. నాలుగు. ఒక్కోసారి రెండున్నర పెట్టొచ్చా అని అడిగేవారు. అంత నిజాయితీగా జవాబు చెప్పే విద్యార్థి నాకు బళ్లో దొరకలేదు. మొదట్లో మొత్తం నలభై దాకా ఉండేది.

ఐదో వారం క్లాసు చివర డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. ఎనిమిదో వారానికి మొత్తం ఇరవై లోపుకు దిగినవాళ్లకు కోర్సు పూర్తయినట్టు, సర్టిఫికెట్ పంపిస్తారు. దిగనివాళ్లతో విడిగా మాట్లాడి ముందు ఏం చేయాలో చూస్తారు, అవసరమైతే దగ్గర్లో ఉన్న మిలిటరీ దవాఖానకు కూడా పంపిస్తారు. ఆమె మామూలుగానే చెప్పింది. బాపు ముఖం మాత్రం మాడిపోయింది. ఫోన్ పెట్టేశాక, "దవాఖానకైతే నేను పోను బిడ్డా. ఇన్నేండ్లు టెక్కు అన్నోళ్లే రేపు పిచ్చి అంటరు," అన్నారు. మళ్లీ వెంటనే, "ఈ ఫోన్ క్లాసు మంచిగుంది. ఇదే ఉంటే సాలు," అన్నారు. ఆ రెండో మాట నేను సరిగ్గా వినలేదు. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను.

నా వృత్తిలో ఒక రోగం ఉంది. పదో తరగతి పేపర్లు దిద్దుతూ ముప్పై రెండు దగ్గర ఆగిపోయిన పిల్లను చూస్తే నా చెయ్యి ఊరుకోదు. ఎక్కడో ఒక స్టెప్పుకు ఒక మార్కు, సగం గీసిన బొమ్మకు ఇంకోటి, ఎలాగోలా ముప్పై ఐదు చేసి గట్టెక్కిస్తాను. అది తప్పని నాకెప్పుడూ అనిపించలేదు. ఫెయిలైన పిల్లను ఇంట్లో ఏమంటారో నాకు తెలుసు. మా స్టాఫ్‌రూమ్‌లో దీన్ని పుణ్యం అనుకుంటాం.

ఆరో వారం చప్పుళ్ల ప్రశ్నకు బాపు మూడన్నారు. నేను రెండు కొట్టాను. ఒక్కసారి మొదలయ్యాక ఆగలేదు. ఏడో వారం ఆయన నాలుగంటే నేను రెండు, మూడంటే ఒకటి. ఉన్నట్టుండి తగ్గిస్తే అనుమానం వస్తుందని మెట్టుమెట్టుగా దించుకుంటూ వచ్చాను, లెక్కల టీచర్ని కదా. ఎనిమిదో వారం మొత్తం పద్దెనిమిది వచ్చేలా చూసి పంపించాను. ఎదురుగా కూర్చుని ఆయన చెప్పినవి కూడితే ముప్పై ఆరు. నలభై నుంచి ముప్పై ఆరుకు ఆ మనిషి తన కష్టంతో తెచ్చుకున్న నాలుగు పాయింట్ల మంచినీ నేను తుడిచేసి, నా పద్దెనిమిది రాశాను.

వారం తిరక్కుండానే సర్టిఫికెట్ వచ్చింది. రంగుల ప్రింటు తీయించుకుని వచ్చి, వాకిట్లోంచే "పాసయిండ్రు బాపూ!" అని అరిచాను. అమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుని, కాగితాన్ని కళ్లకద్దుకుంది. బాపు అద్దాలు పెట్టుకుని పై నుంచి కిందికి చదివి, అడుగున ఉన్న అంకె దగ్గర ఆగారు. నౌకరీలో ఉన్నన్నాళ్లూ బండి నడిచిన ప్రతి కిలోమీటరూ లాగ్‌బుక్కులో రాసిన మనిషి ఆయన.

"పద్దెనిమిదా? ఎక్కువుండాలె గద?" అన్నారు.

"లెక్క వాళ్లు కట్టిందే బాపూ," అన్నాను. అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో.

"అయితే ఇగ ఫోన్ రాదా?"

"రాదు. మీకు అవసరం లేదు."

"తక్కినోళ్లకు?"

"ఇద్దరికి వస్తదంట, దవాఖానకు తోలేదాంక. వాళ్లు ఫెయిలయిండ్రు," అన్నాను, గొప్పగా.

ఆయన నా ముఖంలోకి చూశారు. కోపం లేదు. "గట్లనా," అని కాగితం అమ్మ చేతికిచ్చి లోపలికి పోయారు. అమ్మ దాన్ని ఫ్రేము కట్టించి దేవుళ్ల పటాల పక్కన తగిలించింది.

తర్వాతి ఆదివారం పదింటికి బాపు మెట్లెక్కి వచ్చారు. అలవాటు కొద్దీ వచ్చేశానన్నారు. చాయ్ ఇచ్చాను, తాగి వెళ్లిపోయారు. ఆ తర్వాతి ఆదివారం రాలేదు. అమ్మను మూత వేయమనడం కూడా కొన్నాళ్లకు మానేశారు. ఒక్కడినే చేస్తుంటే కుదరడం లేదు, ఫోన్లో ఆ డాక్టరమ్మ గొంతు ఉంటే కుదిరేదని ఒకసారి నాతో అన్నారు. అప్పుడైనా నాకు బుద్ధి రావాలి కదా. రెండు నెలల తర్వాత, కోర్సు వాళ్లు అందరికీ పంపే మెయిల్ ఒకటి నాకూ వచ్చింది. అందులో ఉంది, ఇరవై లోపుకు దిగనివాళ్ల సంగతి. వాళ్లనెవరినీ దవాఖానకు తోలలేదు. ఒక్కొక్కరికీ ఒక డాక్టరును కేటాయించి, వారం వారం విడిగా ఫోన్లో మాట్లాడుతున్నారు. బాపు కోరుకున్నది సరిగ్గా అదే. దవాఖాన లేదు, ఫోన్ ఉంది. నేను వేలు పెట్టకుండా ఉంటే ఆయనకు అది దొరికేది.

నాలుగు వాక్యాల మెయిల్ రాస్తే సరిపోయేది. అంకెలు మార్చింది నేను, ఆయన కాదు, దయచేసి మళ్లీ ఫోన్ చేయండి. రాశాను కూడా. రాసి, పంపకుండా పెట్టుకున్నాను. ఒక టీచరు దొంగ లెక్కలు రాసిందని ఆ డాక్టరమ్మ ముందు తేలిపోవడం నాకు చిన్నతనమైంది. నిజం అది, ఇంకే కారణమూ లేదు. పరీక్షలయ్యాక పంపుదాం అనుకున్నాను. పరీక్షలయ్యాయి, నాకు మంఖాల్‌కు బదిలీ అయింది. సామాను డీసీయం వ్యానుకు ఎక్కిస్తుంటే బాపు దగ్గరుండి బిందెలూ పళ్లాలూ పాత చీరల్లో చుట్టబెట్టారు. ఆయన కోసం కాదు, దారిలో నాకు చొట్టలు పడకుండా. అప్పుడు చెబుదామని నోటి దాకా వచ్చింది. డ్రైవరు తొందర పెట్టాడు. తొందర పెట్టకపోయినా చెప్పేదాన్ని కాదేమో. మంఖాల్ ఎంత దూరమని, వచ్చే ఆదివారం వస్తాను బాపూ అన్నాను. ఏడాదిలో రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ నిలబడి చాయ్ తాగి వచ్చేశాను.

పోయిన రోజు ఇంటి ముందు జనం ఉన్నారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని గోడ మీది ఫ్రేము దిక్కు చూపించింది. "మంచిగయిండని కాయితం గూడ ఇచ్చిండ్రు గద బిడ్డా. మరి ఈ రెండేండ్లు ఎందుకట్ల ముడుచుకపోయిండు? నేనేమన్న తక్కువ జేసిన్నా?" అంది. నా దగ్గర జవాబు ఉంది. ఆమె ఒంటి మీద చెయ్యి వేసి, ఏమీ తక్కువ చేయలేదమ్మా అన్నాను గానీ తక్కిన సగం చెప్పలేకపోయాను. ఇంకా చెప్పలేదు. ఇది అచ్చయ్యాక నేనే తీసుకెళ్లి, ఆమె పక్కన కూర్చుని చదివి వినిపిస్తాను. ఆ తర్వాత ఆమె ఏమన్నా పడతాను.

పదో రోజున శామియానా కింద వడ్డనలవుతుంటే ఒక మనిషి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. మీసాలు నెరిశాయి, నిలబడ్డ తీరు చూస్తేనే ఆర్మీ అని తెలుస్తోంది. షాద్‌నగర్ నుంచి వచ్చానన్నాడు. "లెక్కల టీచరమ్మవు నువ్వేనా అక్కా? అన్న చెప్తుండె," అన్నాడు. నేను ఆయన్ని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

ఆయనా బాపూ పింఛను ఆఫీసులో కలిశారట, ఏడాదిన్నర కిందట. వరుసలో నిలబడి ఉంటే గాలికి ఇనుప తలుపు ధడేలున కొట్టుకుంది. వరుసలో ఇద్దరే నేల మీద పడ్డారు, బాపూ, ఈయనా. "అందరు నవ్విండ్రు. మేమిద్దరం మాత్రం కిందనే ఒకని మొకం ఒకడు చూసుకున్నం," అన్నాడు. ఆ వారం నుంచి ఆదివారం పదింటికి బాపు ఆయనకు ఫోన్ చేయడం మొదలుపెట్టారు. ఇంకో ఇద్దరు పాత సిపాయిలు కూడా తోడయ్యారు. నేను తెలుగు చేసి ఇచ్చిన నోటుబుక్కు చూసి పాఠం చదివేవారట, ఊపిరి మీద ధ్యాస పెట్టించేవారట. ఇంట్లో అమ్మకు తెలియకుండా మేడ మీదికి, నేను ఖాళీ చేసిన పోర్షన్‌లోకి వెళ్లి చేసేవారు. అన్నిటికన్నా ముందు ఆ పదిహేను ప్రశ్నలు.

"నాకు సిగ్గయి అన్నిటికి ఒకటి, రెండు అని చెప్పేటోన్ని," అన్నాడా మనిషి. "అన్న ఊకోకపోతుండె. 'తక్కువ చెప్పకు తమ్మీ. తక్కువ చెప్తే మంచిగైనవని ఫోన్ బంద్ జేస్తరు. నాకు గట్లనే అయింది,' అనేటోడు. గట్ల చేసింది ఎవరు అన్నా, అని అడిగిన ఒకసారి. 'నా మంచి కోరినోళ్లే' అన్నడు."

ఆయన నా వైపు చూడకుండా తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు.

"మరి మమ్ముల నువ్వు అడుగుతున్నవ్, నిన్నెవరు అడుగుతున్నరన్నా, అని అడిగిన. నవ్విండు. 'నన్నెవరడుగుతర్రా, నేను పాసయిన గద' అన్నడు."

ఆ మాట దగ్గర నాకు ఏడుపు ఆగలేదు. అంతమంది భోజనాల మధ్య, ఇస్తరాకులు ఎత్తేవాళ్ల మధ్య నిలబడి ఏడ్చాను. నా అంకెలు ఆయనకు తెలుసు. సర్టిఫికెట్ అందుకున్న రోజునే తెలుసు. నా పరువు కాపాడ్డానికి ఆయన పాసైనట్టే బతికారు. నేను చెప్పడానికి భయపడిన మాటను ఆయన వినకుండానే క్షమించేశారు, కానీ దాని ధర ఆయనే చెల్లించారు.

షాద్‌నగర్ ఆయన నేను కుదుటపడేదాకా ఆగాడు. "మొన్న ఐతారం పదింటికి ఫోన్ ముందట పెట్టుకొని కూసున్న అక్కా. రాదని ఎరికే. అయినా కూసున్న," అన్నాడు.

రెండు కుర్చీలు ఒక పక్కకు, గోడ దగ్గరకు లాగాను. కూర్చోమన్నాను. ఆ పదిహేను ప్రశ్నలూ నాకు నోటికి వచ్చు. సంచిలోంచి పెన్ను తీసి, పదో రోజు కార్డు వెనక్కి తిప్పి, మొదటిది అడిగాను. ఈ వారం నిద్ర ఎట్ల పట్టింది అన్నా?

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నాలుగు," అన్నాడు.

నాలుగు వేశాను. ఆయన మెడ ముందుకు వంచి, కార్డు మీద నేను ఏ అంకె వేశానో చూసుకున్నాడు.